మీకు తెలుసా? మేకపిల్లకు ఏ నట్టకు ఏ మందు!

నరసాపురం పల్లెల్లో మేకపిల్ల కడుపులో ఏది చేరినా ‘నట్టలే’ అంటారు. మందు మాత్రం అన్నిటికీ ఒకటి కాదు.

● మూడు వారాలు దాటి ఐదు నెలలు నిండని పిల్ల పారుకుంటూ, ఒక్కోసారి నెత్తురు పడుతుంటే అది అసలు పురుగే కాకపోవచ్చు. కాక్సిడియా అనే ఏకకణ జీవి పేగు గోడను పాడుచేస్తుంది. నట్టల మందు ఆల్బెండజోల్ ఎంత పట్టించినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. సల్ఫా మందో, ఆంప్రోలియమో పడాలి. పాకలో తడి లేకుండా చూడాలి.

● పారుడు లేకుండానే ప్రాణం తీసేది హీమాంకస్. నాలుగో పొట్టలో చేరి రక్తం తాగుతుంది. ఒక్క ఆడపురుగు రోజుకు 5,000కు పైగా గుడ్లు పెట్టగలదు. పిల్ల కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. రెప్ప రంగును పోల్చి, ఏ మేకకు మందు కావాలో తేల్చే ‘ఫమాచా’ కార్డు దక్షిణాఫ్రికాలో పుట్టింది. అందులో ఐదు రంగులుంటాయి.

● కాలువగట్ల గడ్డితో వచ్చేవి జలగలు. నత్తలో పెరిగి, బయటికొచ్చి, నీటి అంచు గడ్డికి అంటుకుంటాయి. పొట్ట జలగల పిల్లలు ముందు చిన్నపేగులో చేరి నీళ్ల విరేచనాలు పట్టిస్తాయి. అప్పటికింకా గుడ్లు పెట్టే వయసు రాదు కాబట్టి పెంటికల పరీక్షలో ఏమీ కనపడకపోవచ్చు. వీటికి వాడేది ఆక్సిక్లోజనైడ్.

● పెంటికల్లో బియ్యపు గింజల్లా తెల్లటి ముక్కలు కనిపిస్తే బద్దెపురుగు. చూడ్డానికే భయం, హీమాంకస్ చేసేంత చేటు చెయ్యదు.

● గొర్రె మోతాదు మేకకు తరచూ చాలదు. మేక ఒంట్లో చాలా మందులు త్వరగా కరిగిపోతాయి. చాలీచాలని మందుకు చావని నట్టలే మొండి సంతానాన్ని కంటాయి. అందుకే కంటి అంచనా మాని తూకం వేయించి, పశువైద్యుడు చెప్పినంతే పట్టించాలి. చూలు మేకకు ఆల్బెండజోల్ అడక్కుండా పట్టించకూడదు.

● మేక స్వతహాగా కొమ్మలందుకుని ఆకు మేసే జీవం. డెల్టాలో పొదలు తక్కువై గట్టు గడ్డికి వంగుతోంది. మంచు తడిలో నట్ట పిల్లలు పాకేది గడ్డి మొదళ్ల దగ్గరే. ఎండెక్కాక మేపుకు వదిలి, అవిశె కొమ్మలు ఎత్తున కట్టి మేపితే మందు సీసా అవసరం చాలావరకు తగ్గుతుంది.