సీతంపేట సంతకి ఎల్తారా? అయితే తెల్లారకముందే ఎల్లండి

వానలు పడ్డాయంటే చాలు, మన గుంటలందరి ఫోన్లలోనూ ఒకటే వీడియో. ఆడలి వ్యూ పాయింట్ దగ్గర మంచు, మెట్టుగూడ జలపాతం కింద తానాలు, వెనకాల ఏదో సినిమా పాట. బాగుంటాది, కాదనను. అరకు దాకా ఎల్లి డబ్బులు తగలేసే కన్నా మన సీతంపేట కొండలెక్కడం నాకూ ఇష్టమే. కానీ ఆ వీడియోల్లో సంత కనపడదు. సీతంపేట దాకా ఎల్లి సోమవారం సంత సూడకుండా వచ్చీడమంటే, పెళ్లికెళ్లి పందిరి సూసి తిరిగొచ్చినట్టే.

తెలీనోళ్ల కోసం చెప్తన్నాను. పాలకొండ దాటి కొండల్లోకి ఎల్తే సీతంపేట. 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ రోజు నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఐటీడీఏ ఆఫీసు ఉండేది ఇక్కడే. చుట్టూ కొండల మీద సవరలు, జాతాపుల ఊళ్లు. వాళ్లు పండించిందీ, అడవిలో ఏరిందీ సోమవారం కిందికి దిగుతాది. మన పల్లం నుంచి ఉప్పు, ఎండుచేపలు, ఉల్లిపాయలు, బట్టలు పైకి ఎల్తాయి. సముద్రానికీ కొండకీ మధ్య ఈ రాకపోకలు ఎన్ని తరాలవో లెక్క లేదు.

మనోళ్లు చేసే పొరపాటేటంటే, పొద్దున జలపాతం సూసుకుని పదకొండు గంటలకి సంతకొస్తారు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయుంటాది. మీరు సూసేది మిగిలిపోయిన సరుకూ, బట్టల కొట్లూను.

అనాసపండు సంగతే తీసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా సీజను. ఒక మనిషి చీకటితోనే లేచి, కావిడికి అటో గంప ఇటో గంప కట్టి, రాళ్ల దారిలో కిలోమీటర్ల కొద్దీ దిగుతాడు. చాలామందికి కాళ్లకి చెప్పులుండవు. సంతలోకి ఇంకా అడుగు పెట్టకముందే, రోడ్డు మీదే కొనేవోళ్లు ఎదురొస్తారు. వ్యాను ఆపుకుని కాసుకుంటారు. కాటా లేదు, కిలోల్లేవు. కావిడి మొత్తానికి ఇంతా అని ఓ మాట. ఆ మాట నచ్చలేదనుకోండి, ఆ మనిషి ఏటి చెయ్యగలడు? అనాస ఆగదు, రెండ్రోజుల్లో మెత్తబడిపోద్ది. దాచుకుందామంటే చల్లటి గిడ్డంగి అందుబాటులో లేదు. పోనీ తిరిగి మోసుకుపోదామంటే దిగిన కొండ మళ్లీ ఎక్కాలి. బరువుతో దిగడమే గండం, ఎక్కడమెలాగ? కొనేవోడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే తొందరపడడు, బీడీ కాల్చుకుంటూ నిలబడతాడు. బేరంలో వాడి బలమంతా ఆ ఎక్కలేని కొండే.

మార్కెట్లో సరుకు ఎక్కువొస్తే ధర పడిపోద్దని పుస్తకాల్లో రాస్తారు. ఇక్కడ సరుకు తక్కువొచ్చిన రోజున కూడా కొండమనిషికి ధర పెరగకపోవడానికి కారణం ఇదే. దానికి తోడు అప్పు. విత్తనాలకో, వైద్యానికో ముందే డబ్బు తీసుకునుంటే, సరుకు ఇంకెవరికీ అమ్ముకోడానికి లేదు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అననుగానీ, చేసింది అనాస దాకా రాలేదు. గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టారు. జీసీసీ అంటాం. చింతపండు, తేనె లాంటివి కొంటాది. అది అటవీ ఫలసాయం లెక్క. అనాస తోటపంట, దానికి ఆ దారి లేదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో ఏరుకున్నదాని మీద హక్కు కొండోళ్లదే అంది. ఇంకోటి చాలామందికి తెలీదు. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం, ఊరి సంతల్ని నడిపే అధికారం, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేసే అధికారం గ్రామసభకీ పంచాయతీకీ ఉండాలని రాసింది. మన రాష్ట్రంలో దాని రూల్సు 2011లో వచ్చాయి. సంతలో కాటా ఎక్కడ పెట్టాలో, రోడ్డు మీద బేరాలు ఆపాలో వద్దో కొండోళ్లే తేల్చుకోవచ్చన్నమాట. ఈసారి ఎల్లినప్పుడు, రోడ్డు మీద ఎదురెల్లి కొనేవోళ్లని ఆపేవోళ్లు ఎవరైనా ఉన్నారేమో మీరే సూడండి.

ఇదంతా ఒడ్డున కూర్చుని చెప్తన్నానని అనుకోకండి. మా పెదనాన్న ఎడ్లబండి మీద ఉప్పూ ఎండుచేపలూ వేసుకుని కొండసంతలు తిరిగేవోడు. చిన్నప్పుడు సెలవులకి నేనూ బండెక్కీవోణ్ణి. ఆయన దగ్గర రెండు కుంచాలుండేవి. కందులు కొలిపించుకోడానికి ఒకటి, ఉప్పు కొలిచివ్వడానికి ఇంకోటి. పైకి రెండూ ఒక్కలాగే కనపడీవి. చిన్నదాని అడుగున లోపల చెక్క ముక్క దిగ్గొట్టి ఉండీది. ఆయన చెడ్డోడు కాదు, మా అందరికీ అన్నం పెట్టినోడు. ఆ అన్నం ఎక్కడి నుంచొచ్చిందో అర్థమవడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది. ఇప్పుడు నేను సంతకెల్లి బేరమాడబోతే ఆ చెక్కముక్కే గుర్తొస్తాది.

ఇలాంటి కొలతల మీద, అప్పుల మీద, పోయిన భూముల మీదే ఈ కొండల్లో గిరిజన సంఘం లేచింది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకి ఎల్తున్నోళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం గురించి మీరు విన్న కథలన్నీ ఆ తరవాతవి. గిరిజనేతరులకి భూమి బదిలీ కాకుండా 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై రెగ్యులేషన్ కూడా.

ఇక కొండెక్కేవోళ్లకి. మీరు ట్రెక్కింగ్ అనుకునే దారి అక్కడోళ్లకి బరువు మోసే దారి. మొన్నామధ్య జలపాతం దారిలో పగిలిన బీరు సీసాలు ఏరుతున్న ఓ పెద్దావిణ్ణి సూశాను. నెత్తి మీద కట్టెలమోపు దించి మరీ ఏరుతోంది. అడిగితే, "వెనకాల మా పిల్లలొస్తన్నారు బాబూ" అంది. సీసా పట్టికెళ్లినోడికి తిరిగి తెచ్చుకోడానికేటి బరువు?

ఫొటో తీసేముందు అడగండి. వద్దంటే మానీండి. వాళ్లకి భాష రాదని జోకులెయ్యకండి. సవరోళ్లు ఇంట్లో సవర, సంతలో తెలుగు మాట్లాడతారు, ఒడిశా అంచునైతే ఒడియా కూడాను. మనకొచ్చింది ఒకటి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఎవరి పుట్టినరోజు చేసుకుంటున్నామో ఆ గిడుగు రామమూర్తి గారు, పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు.

ఎల్లాలనుకుంటే ఆదివారం రాత్రికే పాలకొండ చేరుకోండి. సోమవారం మొదటి బస్సో ఆటోనో పట్టుకుని తెల్లారేసరికి సీతంపేటలో ఉండండి. ముందు సంత, తరవాతే జలపాతం. వ్యాన్ల దగ్గర కాకుండా, కావిడి దింపిన మనిషి దగ్గరే కొనండి. ఆయన చెప్పిన ధరకే కొనండి, పట్నంలో ఎంతకమ్ముతున్నారో కూడా చెప్పండి. సీతాఫలాలు కావాలంటే దసరా రోజుల్లో, చింతపండూ కొండచీపుళ్లూ కావాలంటే సంక్రాంతి ఎల్లాక రండి. ఏనుగులు తిరుగుతున్నాయని ఊరోళ్లు చెప్తే ఆ రోజు కొండెక్కొద్దు. చిల్లర పట్టుకెల్లండి, సంచీ మరచిపోకండి.