పేగు గోడ సడలితే కడుపునొప్పి ఎందుకు పెరుగుతుంది?

సండూరు తాలూకా చోరనూరు వంటి ఊళ్ల నుండి, సరిహద్దు అవతలి అనంతపురం, కర్నూలు పల్లెల నుండి పనుల కోసం బళ్లారికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ‘గ్యాస్ జబ్బు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, కొన్నాళ్లు విరేచనాలు, కొన్నాళ్లు మలబద్ధకం దాని లక్షణాలు. స్కానింగులో గాని, రక్తపరీక్షలో గాని దోషమేదీ కనబడకపోతే ఇంటివారు దానిని భ్రమగా భావిస్తారు. రోగి మరొక పరీక్షకు డబ్బు వెచ్చిస్తాడు. ఇటువంటి వారిలో కొందరికి ఉన్నది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అనగా ఐ.బి.ఎస్. ఇది భ్రమ కాదు.

పేగు లోపలి పొర మందం ఒకే ఒక కణమంత. ఆ కణాలను క్లాడిన్, ఆక్లూడిన్ వంటి ప్రొటీన్లు ఒకదానితో ఒకటి బిగించి ఉంచుతాయి. వాటిపై జిగురు పూత ఉంటుంది. నీటిని, పోషకాలను లోనికి అనుమతించి సూక్ష్మజీవులను అడ్డుకోవడం ఈ గోడ పని. బిగింపు సడలినప్పుడు సూక్ష్మజీవుల అంశాలు లోపలికి చొరబడతాయి. రోగనిరోధక కణాలు రేగి రసాయనాలను వెలువరిస్తాయి. వాటివలన సమీపంలోని నాడులు అతి సున్నితమవుతాయి. అప్పుడు పేగులో గాలి కదలిక సైతం నొప్పిగా తోస్తుంది. ఈ మార్పు స్కానింగుకు అందదు.

విరేచనాలు ప్రధానంగా గల ఐ.బి.ఎస్. రోగులపై 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, పదిమందిలో సుమారు నలుగురికి పేగు గోడ సడలినట్లు తేలింది. నొప్పి తీవ్రత కూడా వారిలోనే అధికంగా కనబడింది. తక్కిన వారికి ఈ లోపం లేకుండానే వ్యాధి ఉంది. కనుక ఇది ఒక కారణమే గాని, ఏకైక కారణం కాదు. తీవ్రతను వైద్యులు ప్రశ్నావళి ద్వారా 500 మార్కులకు లెక్కిస్తారు. 175 లోపు స్వల్పం, 300 దాటితే తీవ్రం.

గోడను దెబ్బతీసే వాటిలో కలుషిత నీరు ముఖ్యమైనది. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో భారీ వర్షాలకు పశువుల పేడలోని బాక్టీరియా పురపాలక బావిలో కలిసింది. ఏడుగురు మరణించారు, రెండు వేలమందికి పైగా జబ్బుపడ్డారు. విరేచనాలు తగ్గిన తరువాత కూడా అనేకులకు ఐ.బి.ఎస్. మిగిలిపోయింది. అటువంటి వారిలో పేగు గోడ సడలింపు ఎక్కువగా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు.

అందువలన కొళాయి నీరు రంగు మారినా, వాసన వచ్చినా వెంటనే నగరపాలక కార్యాలయానికి తెలియజేయాలి, నీటిని మరిగించి త్రాగాలి. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. త్రాగాలి. ఒళ్లునొప్పులకు వైద్యుని సలహా లేకుండా ప్రతిదినం నొప్పి మాత్రలు మింగరాదు. వాటిలో అనేకం పేగు గోడకు హాని చేస్తాయి. మద్యం, ఎడతెగని మానసిక ఒత్తిడి కూడా అంతే. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు కొందరికి ఉబ్బరం కలిగిస్తాయి. అన్నిటినీ ఒక్కసారిగా మానక, ఏది తిన్ననాడు బాధ పెరిగిందో కొన్ని వారాలు వ్రాసి ఉంచుకుని వైద్యునికి చూపితే మేలు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, విడువని జ్వరం, నిద్ర నుండి లేపే విరేచనాలు, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు ఉంటే ఐ.బి.ఎస్. అని ఊరకుండరాదు. పేగు క్షయ, క్యాన్సరు వంటివి అలాగే కనబడవచ్చు. అట్టివారు ఆలస్యం చేయక సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి గాని, విమ్స్‌గా అందరూ ఎరిగిన బళ్లారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి గాని వెళ్లాలి. పాత చీటీలను, వాడుతున్న మందులను వెంట తీసుకువెళ్లాలి.