దస్తావేజు చెప్పేది, చెప్పనిది

ఏలూరును ఆనుకుని ఉన్న వట్లూరులో వరిచేలు ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. స్థలం కొనేవాళ్లు మొదట అడిగేది కాగితాల గురించే. అమ్మేవాళ్లు రిజిస్టరైన దస్తావేజు, దానితో పాటు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూపిస్తారు. ఈ రెండూ ఉంటే భూమి మనదైపోయినట్టేనని చాలా కుటుంబాలు నమ్ముతాయి. కానీ ఫలానా రోజున ఫలానావారు అమ్మారు, ఫలానావారు కొన్నారు అన్నంతవరకే రిజిస్ట్రేషను సాక్ష్యం. అమ్మినవారికి ఆ భూమి మీద హక్కు ఉందో లేదో అది తేల్చదు. ఈ లోటు ఎక్కడ మొదలైందో తెలిస్తే, కొనేముందు ఏమేం చూడాలో కూడా తెలుస్తుంది.

1765లో మొగలు చక్రవర్తి ఇచ్చిన ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. మరుసటి ఏడు నిజాము కూడా ఒప్పందం చేసుకున్నాడు. వాటిలో ఏలూరు సర్కారు ఒకటి. ఇక్కడి భూములు కొన్ని వంశపారంపర్య జమీందారుల చేతుల్లో ఉండేవి. జమీందారు లేకుండా నేరుగా సర్కారు కింద ఉన్నవి హవేలీ భూములు. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చినప్పుడు ఈ హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టింది. ఏడాదికి సుమారు వెయ్యి నుంచి ఐదు వేల స్టార్ పగోడా నాణేల శిస్తు వచ్చేటట్టు ఒక్కో ముఠాను ఏర్పరచి, బహిరంగ వేలం వేసింది.

ఆ వేలంలో అమ్ముడైనది రైతు దున్నే చేను కాదు, ఆ చేను మీద శిస్తు వసూలు చేసుకునే అధికారం. పాడుకున్నవారికి సర్కారు సన్నదు (హక్కు పత్రం) ఇచ్చింది, వారి నుంచి కబూలియతు (ఒప్పుకోలు పత్రం) రాయించుకుంది. కింద సాగు చేసే రైతుకు ముఠాదారు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చలిక (ఒప్పుదల పత్రం) రాసివ్వాలి. అంటే ఒకే పొలం మీద ఇద్దరికి రెండు రకాల కాగితాలు పుట్టాయి. ఇద్దరూ ఆ భూమి తమదేనన్నారు, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. చాలామంది ముఠాదారులు సర్కారుకు చెల్లించాల్సిన పేష్కషు కట్టలేక చితికిపోయారు. బాకీ కింద ముఠాలు మళ్లీ వేలానికి వచ్చాయి. 1832-33 నందన కరువు తర్వాత ఎన్నో ఎస్టేటులు తిరిగి సర్కారు చేతికే చేరాయి. అలా చేరిన గ్రామాల్లో రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి వచ్చింది. నూజివీడు వంటి జమీందారీ గ్రామాలు మాత్రం 1948 ఎస్టేటుల రద్దు చట్టం దాకా పాత పద్ధతిలోనే నడిచాయి. పక్కపక్క ఊళ్ల భూములకు మూల రికార్డులు వేరువేరుగా ఉండటానికి కారణం ఇదే.

పొలానికి నిలకడైన ధర తెచ్చింది నీరు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఏలూరు కాలువ ఆ రెండు నదుల నీటినీ కలిపింది. పంట నమ్మకమయ్యేసరికి అమ్మకాలు, తాకట్లు పెరిగాయి, కాగితం విలువా పెరిగింది. దస్తావేజులు రిజిస్టరు చేయించుకునే వీలు 1802 నుంచే ఉన్నా, అది తప్పనిసరి కాలేదు. 1864 నుంచి వరసగా వచ్చిన రిజిస్ట్రేషను చట్టాలు 1908లో నేటి రూపానికి వచ్చాయి. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని రిజిస్టరు దస్తావేజుతోనే అమ్మాలని 1882 ఆస్తి బదిలీ చట్టం చెప్పింది. అయితే ఈ చట్టాలేవీ అమ్మేవారి హక్కును విచారించి తేల్చే బాధ్యతను సబ్‌రిజిస్ట్రారు మీద పెట్టలేదు. ఆ భారం కొనేవారి మీదే మిగిలింది.

అందుకే దస్తావేజును వెనక నుంచి ముందుకు చదవాలి. అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా వచ్చింది? కొన్నదైతే పాత లింకు దస్తావేజు కావాలి. పిత్రార్జితమైతే పంపకాలు చూడాలి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. అక్కచెల్లెళ్ల సంతకాలు లేవంటే దాన్ని చిన్న లోపంగా తీసుకోకూడదు, అది వాళ్ల హక్కు. తర్వాత చెక్కుబందీ. నాలుగు హద్దుల్లో రాసిన పేర్లు, సర్వే నంబరు, విస్తీర్ణం నేలమీద సరిపోవాలి. ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు)లో ఆ నంబరు పట్టా భూమిగా ఉందో, ప్రభుత్వ భూమిగా ఉందో చూడాలి. గ్రామ సాగు లెక్క అయిన అడంగల్లో సాగు ఎవరిదో చూడాలి. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. వీలునామా, నోటిమాట పంపకం, రిజిస్టరు కాని కౌలు అందులో కనిపించవు.

కొల్లేటి అంచుకు వెళితే ఇంకో చిక్కు ఉంది. బుడమేరు, తమ్మిలేరు వరదతో పెరిగి, వేసవిలో తగ్గే సరస్సు అది. నీరు తీసిన చోట జనం సాగు చేశారు, తర్వాత చెరువులు తవ్వారు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తును చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులోని చేపల చెరువులను కొట్టేశారు. ఆ పరిధిలో జిరాయితీ (సొంత పట్టా) భూములూ ఉన్నాయి, ప్రభుత్వం పేదలకు డి-పట్టాలతో ఇచ్చిన అసైన్డ్ భూములూ ఉన్నాయి. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు 2023లో సడలింపు వచ్చినా, అది ఫలానా భూమికి వర్తిస్తుందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడిగి తేల్చుకోవాలి. తెల్లకాగితం మీద కొన్న పేదవాడికి డబ్బూ పోతుంది, నేలా దక్కదు.

హక్కుకు ప్రభుత్వమే పూచీ పడాలన్న ఆలోచన మన దగ్గరా వచ్చింది. అందుకోసం చేసిన 2022 భూహక్కు చట్టం రైతుల్లో భయాలు రేపింది, 2024లో రద్దయింది. చట్టం పోయినా దాని అవసరం అలాగే ఉంది. సర్వే రికార్డు, రిజిస్టరు, నిషేధిత భూముల జాబితా, అటవీ హద్దు ఒకే చోట, ఎవరికైనా అర్థమయ్యే తెలుగులో కనిపించాలి. తప్పు దిద్దించుకోవడానికి రైతు నేరుగా కోర్టుకెక్కనక్కరలేని దారి ఉండాలి. అంతవరకు బయానా ఇచ్చేముందే ఈ రికార్డులన్నీ తీయించి చదివించుకోండి. దానికయ్యే ఖర్చు, ఆ తర్వాత తరతరాలు నడిచే దావా ఖర్చు ముందు ఏపాటిదీ కాదు.