దుష్టాశ్వ ప్రతిపత్తి

విరాటుని కొలువునకు వచ్చిన నకులుడు తన విద్యను నాలుగు మాటలలో చెప్పుకొనెను. అశ్వముల ప్రకృతి, వాటి వినయము అనగా శిక్షణము, దుష్టాశ్వముల ప్రతిపత్తి, సమగ్రమైన చికిత్స, ఈ నాలుగును తనకు తెలియునని అతని వాక్యము. సంస్కృత భారతమున గ్రంథికుడుగాను, తెలుగువారికి దామగ్రంథిగాను ప్రసిద్ధుడైన ఆ మాద్రేయుడు తన చేతిలో ఆడుగుఱ్ఱము సైతము దుష్టము కాదనియు, ఇక మగవాటి మాట చెప్పనేల యనియు వెంటనే చేర్చెను. పాఠము చెప్పువారు సాధారణముగా దీనిని అజ్ఞాతవాస కథలోని యొక ప్రగల్భవచనముగా దాటిపోవుదురు. కాని కఱచునట్టి, తన్నునట్టి, మనుష్యుల మీదికి వచ్చునట్టి గుఱ్ఱమును ఏమి చేయవలెనను ప్రశ్నకు ప్రాచీనులు చేసిన విచారమంతయు ఈ నాలుగు మాటలలో ఇమిడియున్నది.

ప్రతిపత్తి శబ్దము ఇచ్చట గమనింపదగినది. మీమాంసకుల పరిభాషలో ఉపయోగము తీరిన ద్రవ్యమును విహితస్థానమున చేర్చుట ప్రతిపత్తికర్మ. దీక్షితుడు కృష్ణవిషాణమును చాత్వాలమున విడుచుట దీనికి ప్రసిద్ధోదాహరణము. ఆ యర్థమునే యిచ్చట గ్రహించినచో, దుష్టాశ్వమును ఎట్లు వదిలించుకొనవలెనో నకులునికి తెలియునని చెప్పవలసి వచ్చును. అది సంగతము కాదు. తన యొద్ద దుష్టమైనది లేదని వెంటనే చెప్పినవానికి వదిలించుకొను ప్రసక్తి యెక్కడిది? కావున ఇది కర్తవ్యనిర్ణయమను సామాన్యార్థముననే ప్రయుక్తము. వదిలించుకొనుటకును నిర్ణయించుటకును గల యీ భేదమే ప్రస్తుత విచారమునకు మూలము.

శ్లోకమున చికిత్స కడపట నున్నను, ఆచరణమున అదియే మొదటిది. నొప్పి గల గుఱ్ఱము కఱచును, అది దౌష్ట్యము కాదు. నేటి పశువైద్యులును స్వభావము హఠాత్తుగా మాఱిన గుఱ్ఱమునకు ముందుగా దంతములను, వెన్నును, గిట్టలను, జీను ఒరసికొను చోట్లను పరీక్షింతురు. ఆడుగుఱ్ఱము మగగుఱ్ఱమువలె ప్రవర్తించి మీదికి వచ్చుచున్నచో అండాశయమున కంతి యుండవచ్చును. పిచ్చికుక్క కాటు వలన సంక్రమించు రేబిస్ గుఱ్ఱములకును వచ్చును. దాని లక్షణములు కనబడినప్పుడు శిక్షణ ప్రసక్తియే లేదు. జంతువును వేఱుచేసి, ఎవరును ముట్టక, వెంటనే వైద్యునకు తెలుపవలెను. కౌటిల్యుడు అర్థశాస్త్రము రెండవ అధికరణమున అశ్వాధ్యక్ష ప్రకరణము (30వ అధ్యాయము) నందు, చికిత్సలో ఉపేక్ష వలన వ్యాధి పెరిగినచో చికిత్సావ్యయమునకు రెట్టింపును, వైద్యుని యపరాధమున గుఱ్ఱము చెడినచో దాని మూల్యమును దండముగా విధించెను. దండ్యుడు మనుష్యుడే యనుట గమనింపదగును.

రెండవది వినయము. ఈ విషయమున పాలి జాతకములలో గల రెండు కథలు శాస్త్రగ్రంథములకంటె స్పష్టముగా మాటలాడును. గిరిదత్త జాతకము (184వది) న పాండవమను రాజాశ్వము కుంటుచుండును. వైద్యులు చూచి రోగము లేదందురు. బోధిసత్త్వుడైన మంత్రి పరీక్షించి, దానిని నడిపించు గిరిదత్తుడు కుంటివాడు గాన గుఱ్ఱము అతనిని చూచి అట్లే నేర్చినదని కనుగొనును. శిక్షకుడు మాఱినంతనే గుఱ్ఱము బాగుపడును. సుహను జాతకము (158వది) కథ మఱింత పదునైనది. వారాణసీరాజు లోభి. వర్తకులు తెచ్చిన గుఱ్ఱముల వెల తగ్గించుటకై తన మహాశోణమను దుష్టాశ్వమును వాటి మీదికి విడిపించి కఱపించును. వర్తకులు మొఱపెట్టగా, తమ యొద్ద నట్టి గుఱ్ఱమే యున్నచో ఈ సారి తోడ్కొని రమ్మని మంత్రి సూచించును. వారు సుహనువను క్రూరాశ్వమును తెచ్చి విడువగా, ఆ రెండును పోరాడక ఒకదాని నొకటి నాకుచు నిలుచును. సమానశీలములు గాన కలిసినవని మంత్రి రాజునకు చెప్పి, లోభము తగదని బోధించి, వర్తకులకు తగిన వెల యిప్పించును. మహాశోణము స్వభావముచేత క్రూరమే కావచ్చును. దానిని విడిపించినది రాజలోభము.

శుక్రనీతి కాలమును గూర్చి వివాదము కలదు, దానిని అర్వాచీనమని తలంచువారు పెక్కండ్రు. అయినను అందలి అశ్వప్రకరణమున పూర్వసంప్రదాయము నిలిచియున్నది. స్ఖలనము, భయము, ఉన్మార్గగమనము, కోపము మొదలగు సందర్భములకు వేఱువేఱు తాడనస్థానములను చెప్పి, అస్థానమున, అకాలమున కొట్టుటచే పెక్కు దోషములు పుట్టుననియు, అట్లు పుట్టిన దోషములు గుఱ్ఱము జీవించినంతకాలము నిలుచుననియు ఆ గ్రంథకర్త చెప్పెను. కొరడా చేతబట్టిన ప్రతి రౌతు నెఱుగవలసిన మాట యిది. భయమును కోపమని భ్రమించుట ఇంకొక సామాన్యదోషము. గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్కు చెప్పిన బుకెఫలస్ కథ యిట్టిదే. పదుమూడు టాలెంట్ల వెలకు వచ్చిన ఆ గుఱ్ఱమును ఎవరును ఎక్కలేక త్రిప్పి పంపుచుండగా, అది తన నీడకే బెదరుచున్నదని గ్రహించిన బాలుడైన అలెగ్జాండరు దాని ముఖమును సూర్యుని వైపు త్రిప్పి ఎక్కెను. క్రీ. పూ. 326లో వితస్తానదీ యుద్ధానంతరము చనిపోవువఱకు అది అతని వాహనమే.

ఇక ప్రకృతి. అశ్వములు తీక్ష్ణములు, భద్రములు, మందములు అని మూడు విధములనియు, ఆ భేదమును బట్టి యుద్ధకర్మకు గాని వాహనకర్మకు గాని నియోగింపవలెననియు కౌటిల్యుని మతము. తీక్ష్ణత్వము దోషముగా గాక యోగ్యతగా లెక్కింపబడినది. బాలుని క్రింద ప్రమాదకరమైన గుఱ్ఱమే నేర్పరియైన రౌతు క్రింద ఉత్తమవాహనము కావచ్చును. ఆడుగుఱ్ఱములకు, బీజాశ్వములకు, పిల్లలకు వేఱువేఱు ఏకాంతస్థానములుండవలెనని అతడే చెప్పెను. నేడు బీజమునకు పనికిరాని మగగుఱ్ఱమునకు విత్తులు తీయించుటచే దూకుడు తగ్గుచున్నది, కాని అలవాటుగా స్థిరపడిన దౌష్ట్యము అంతమాత్రమున పోవునని నమ్మరాదు.

ప్రకృతి యనగానే పలువురు లక్షణప్రకరణములను ఆశ్రయింతురు. జయదత్తుని అశ్వవైద్యకము, నకులుని పేర నున్న అశ్వశాస్త్రము, తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసము మున్నగు వానిలో సుడులను, వర్ణములను బట్టి శుభాశుభములను చెప్పు భాగము విస్తృతము. మన పరిశోధకుల శ్రమయు ఎక్కువగా నిచ్చటనే వ్యయమగుచున్నది. కాని నుదుట నున్న సుడి యజమానికి హానికరమను మాట వేఱు, గుఱ్ఱము మనుష్యుని కఱచుననుట వేఱు. మొదటిది నిమిత్తశాస్త్రము, రెండవది ప్రత్యక్షవిషయము. సుడిని చూచి గుఱ్ఱమును దుష్టమని నిర్ణయించుట శాస్త్రమును చదువుట కాదు, అందలి వాహన, చికిత్సా ప్రకరణములను చదువకుండుట.

చికిత్స చేసి, శిక్షకుని మార్చి, తగిన పనికి మార్చియు ఫలము లేనిచో? ఇదియే కఠినమైన ఘట్టము. సంస్కృత గ్రంథములకంటె పాలి అంగుత్తరనికాయమున చతుష్కనిపాతములోని కేసిసుత్తము దీనిని సూటిగా నెత్తుకొన్నది. అశ్వశిక్షకుడైన కేసి బుద్ధునితో తాను గుఱ్ఱములను మృదువుగా, పరుషముగా, ఉభయవిధముల శిక్షింతుననియు, మూడింటికిని లొంగనిదానిని చంపుదుననియు చెప్పును. కారణముగా అతడు చూపినది తన యాచార్యకులమునకు అపకీర్తి రాకూడదనుట. ఇది విచార్యము. ఎవరికి గాయమగునో యను చింత గాక, తన విద్యకు మచ్చ వచ్చునను చింత అచ్చట ప్రధానమైనది. బుద్ధుడు తానును లొంగనివానిని చంపుదునని సమాధానమిచ్చి, ప్రాణాతిపాతము తగదు గదా యని కేసి యడుగగా, బోధింపదగినవాడు కాడని విడుచుటయే తన విధానమున వధ యని వివరించును. ఉపమేయమున వధ త్యాగముగా మాఱినది, ఉపమానమున మాత్రము గుఱ్ఱము చచ్చినది. వ్యాఖ్యానించువారు ఈ భేదమును మఱువరాదు.

కౌటిల్యుని మార్గము వేఱు. యుద్ధము, వ్యాధి, జర అను వానిచే పనికిరానివైన గుఱ్ఱములకు గ్రాసమిచ్చి పోషింపవలెననియు, యుద్ధయోగ్యములు కానివానిని పౌరజానపదుల ప్రయోజనమునకై బీజాశ్వములుగా వినియోగింపవలెననియు అతడు చెప్పెను. అయితే రెండవ విధిని దుష్టాశ్వమునకు వర్తింపజేయుట ఉచితము కాదు. మనుష్యుని గాయపఱచు గుఱ్ఱమును గ్రామమున బీజార్థము త్రిప్పుట అనర్థహేతువు. పోషణవిధిని మాత్రము, ఏకాంతస్థానము, దృఢమైన కట్టుబాటు, నేర్పరియైన పాలకుడు ఉన్నచో, అతిదేశముచేత గ్రహింపవచ్చును. ఆ మూడును లేనిచోట, చికిత్సకు లొంగని బాధయు ప్రాణహానిభయమును కలిసి యున్నప్పుడు, వైద్యుని చేత నొప్పి లేకుండ ప్రాణము తీయించుట క్రౌర్యమని చెప్పరాదు. జీవించియుండుటయే హింసయైన జంతువు విషయమున 1960వ సంవత్సరపు జంతుహింసానివారణ చట్టమును ఇందుకు అవకాశమిచ్చుచున్నది. అది యజమాని సౌకర్యమునకై యేర్పడినది కాదు.

ధర్మశాస్త్రకారుల దృష్టి గుఱ్ఱము మీదికంటె యజమాని మీద నిలిచినది. కోఱలు, కొమ్ములు గల జంతువు ఒకనిని హింసించుచుండగా, విడిపింప శక్తి కలిగియు విడిపింపని యజమానికి ప్రథమసాహస దండము, బాధితుడు మొఱపెట్టినను ఊరకున్నచో రెట్టింపు అని యాజ్ఞవల్క్యుడు. గుఱ్ఱము దంష్ట్రి యగునా యను శంకకు చోటున్నను, విధి తాత్పర్యము స్పష్టమే. బండి తోలువాని నేర్పులేమి వలన వాహనము త్రోవ తప్పి హింస జరిగినచో స్వామికి 200 పణముల దండమని మనువు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 291వ విభాగమును తన యధీనమందలి జంతువు విషయమున అజాగ్రత్త వహించినవానికి ఆఱు నెలల వఱకు కారాగారమో, 5,000 రూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధించుచున్నది.

లోకమున ఎక్కువగా జరుగునది మాత్రము పై వానిలో నేదియు కాదు. కఱచు గుఱ్ఱమును దూరపు సంతకు తోలి, తెలియనివానికి అమ్మివేయుదురు. వాహ్యమైన జంతువును కొన్నవానికి పరీక్షాకాలము అయిదు దినములని యాజ్ఞవల్క్యుని నియమము. అలసటచేతనో ఔషధముచేతనో ఒకటి రెండు దినములు సాధువుగా కనబడు గుఱ్ఱము అయిదు దినములలో తన నిజమును చూపును. దుష్టమైన వస్తువును అదుష్టమైన దానివలె అమ్మినవానికి వెలకు రెట్టింపు దండమని ఆ స్మృతియే చెప్పుచున్నది. ఆ వచనమున దుష్టశబ్దము సామాన్యముగా పణ్యదోషమును చెప్పునది. గుఱ్ఱముల సంతలో దానికి వేఱే వ్యాఖ్యానము అక్కఱలేదు.