తీగ లేని బరమా

చౌడేపల్లెలో ఎవరో కొత్త ఇల్లు కట్టుకుంటున్నారనుకోండి. ఇంటికి ఇంకా కరెంటు రాలేదు. అయినా ఆచారి గారు ద్వారబంధానికి గిర్రున రంధ్రాలు వేసేస్తున్నారు! ఆయన చేతిలోని డ్రిల్లుకు తీగ లేదు. పిడి కింద ఇటుక ముక్కంత బ్యాటరీ ఉంది. వెనకటి వడ్రంగులు బరమాకు తాడు చుట్టి లాగుతూ చేసిన పని ఇది.

ఆ డ్రిల్లు కొనడానికి మదనపల్లె వెళ్ళినప్పుడు అంగడిలో ఆయనకు రెండు పెట్టెలు చూపించారనుకుందాం. ఒకదాని మీద 18 వోల్టులు, 4 ఆంపియర్-గంటలు అని ఉంది. రెండోదాని మీద 20 వోల్టులు, 2 ఆంపియర్-గంటలు అని ఉంది. ఏది మేలు? ఇరవయ్యే కదా అంటారా? తొందరపడకండి!

ఈ బ్యాటరీలలో ఉండేవి లిథియం అయాన్ ఘటాలు. ఒక్కొక్క ఘటం పని చేసేటప్పుడు సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. అయిదింటిని శ్రేణిలో కలిపితే 18 వోల్టులు. అప్పుడే ఛార్జి చేసిన ఘటం మాత్రం 4 వోల్టులు దాటుతుంది. ఆ లెక్కన అవే అయిదు ఘటాలను 20 అని కూడా చెప్పుకోవచ్చు. డివాల్ట్ కంపెనీ ఐరోపాలో 18 అనీ, అమెరికాలో '20 మాక్స్' అనీ అమ్మేవి ఇలాంటి అయిదు ఘటాల వరుసలే. అంకె మారింది, బలం మారలేదు!

మరి తేడా ఎక్కడ? వోల్టులను ఆంపియర్-గంటలతో హెచ్చించండి. మొదటి బ్యాటరీలో 18 × 4 = 72 వాట్-గంటల శక్తి ఉంది. రెండోదాని అసలు లెక్క 18 × 2 = 36 మాత్రమే. చిన్న అంకె ఉన్న పెట్టెలోనే రెండింతల శక్తి ఉందన్నమాట!

ఈ పనిముట్లు కొత్తవేమీ కావు. 1961లోనే బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ నికెల్-కాడ్మియం ఘటాలతో తీగ లేని డ్రిల్లు చేసింది. 1971లో అపోలో-15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్లుతో చంద్రుని నేలను రెండు మీటర్లకు పైగా తొలిచారు. కాని నికెల్-కాడ్మియం ఘటం ఇచ్చేది 1.2 వోల్టులే. 18 వోల్టులకు 15 ఘటాలు కావాలి. అందుకే 2005లో మకిటా, మిల్వాకీ కంపెనీలు లిథియం పనిముట్లు తెచ్చాక బరువు బాగా తగ్గింది.

ఇక అసలు చిక్కు ఇది. టార్చిలైటు సెల్లు ఏ కంపెనీదైనా మీ టార్చిలో ఇముడుతుంది. డ్రిల్లు బ్యాటరీ అలా కాదు. సాధారణంగా ఒక కంపెనీది మరొక కంపెనీ డ్రిల్లుకు ఎక్కదు. బాష్ కంపెనీలోనే ఇంటివాడకపు ఆకుపచ్చ రకం బ్యాటరీ, పనివారి నీలి రకానికి సరిపోదు. కాబట్టి ఆచారి గారు డ్రిల్లు కొన్న రోజే ఒక బ్యాటరీ కుటుంబంలో చేరిపోయినట్టు. రేపు రంపం, ఎల్లుండి గ్రైండరు అదే కుటుంబంలో కొంటే బ్యాటరీ ఖర్చు మిగులుతుంది. లేదా అన్నీ మళ్ళీ కొనాలి.

మధ్యలో అడాప్టరు పెడితే? అది ప్రమాదం. ఘటం మరీ ఖాళీ కాకుండా ఆపే ఏర్పాటు కొన్నింటికి బ్యాటరీలో, కొన్నింటికి పనిముట్టులో ఉంటుంది. కలగలిపితే ఆ కాపలా తప్పిపోవచ్చు.

దీనికి దారి లేకపోలేదు. 2018లో జర్మనీలో మెటాబో కంపెనీ ముందుండి, పలు కంపెనీల పనిముట్లకు ఒకే బ్యాటరీ సరిపోయే కూటమిని ఏర్పరచింది. ఫోన్లకు ఒకే రకం ఛార్జరు ఉండాలన్న ఐరోపా నియమం 2024 చివర అమలులోకి వచ్చింది. పనిముట్లకూ అలాంటి నియమం ఉంటే ఎంత బాగుండును!

అందాకా కొనేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాట్-గంటలెన్ని? ఈ బ్యాటరీతో ఇంకా ఏయే పనిముట్లు నడుస్తాయి? చెడిపోతే దగ్గరలో బాగుచేసేవారున్నారా? మీ వీధిలో ఎవరైనా ఇలాంటి డ్రిల్లు వాడుతుంటే, అడిగి దాని చీటీ చదవండి. హెచ్చవేత మీకు వచ్చుగా!