‘వీనింగ్’ అంటే పాలు మాన్పించడమేనా?

ఇంగ్లీషులో ‘వీనింగ్’ అనే మాట ఒకటున్నది. శిశుపోషణ పాఠాలలో తరచు కనబడుతుంది. మనం దానిని ‘పాలు మాన్పించడం’ అని చెప్పుకుంటాం. తల్లులు రొమ్ముకు వేపాకు ముద్ద రాసి చేసే పని అదే గదా అని విద్యార్థి అనుకుంటాడు. కాని ఈ మాటకు మూలమైన ‘వెనియన్’ అనే ప్రాచీనాంగ్ల పదానికి అర్థం ‘అలవాటు చేయడం’. మాన్పించడమనే అర్థం తరువాత వచ్చి చేరింది. మాన్పించడానికి రెండు రోజులు చాలు; అలవాటు చేయడానికి నెలలు పడుతుంది.

ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలు చాలును. ఆ తరువాత రోజుకు సుమారు 600 కెలొరీల శక్తి కావాలి. అందులో పాల వలన వచ్చేది 400 మాత్రమే. ఏడాది దాటితే అవసరం 900 కావస్తుంది. అందులో 550 ఆహారం నుండి రావాలి. పుట్టుకతో కాలేయంలో దాచుకున్న ఇనుము కూడా ఆరవ నెలకు తరిగిపోతుంది. కనుక అప్పుడు అన్నం లోపలికి రావాలి గాని, పాలు బయటికి పోనక్కరలేదు. రెండేళ్ళు, ఆపైన కూడా పాలివ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ‘వీనింగ్’ తెచ్చిపెట్టే గందరగోళం వల్లనే నేటి వైద్యులు ‘అనుబంధాహారం’ అనే మాటను మేలనుకుంటున్నారు. మన ‘అన్నప్రాశన’లో ఈ చిక్కు లేదు, అందులో పెట్టడమే ఉన్నది, మాన్పడం లేదు. అయితే ఆ రోజు పాయసం నాకించి, మళ్ళీ ఏడాది నిండేదాకా అన్నం మాట తలపెట్టని ఇళ్ళు కూడా లేకపోలేదు.

హఠాత్తుగా మాన్పిస్తే ఏమగును? 1933లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు నేటి ఘనా దేశంలో, పాలు మానిపించి మొక్కజొన్న గంజితో పెంచిన పిల్లలలో ఒక వ్యాధిని వర్ణించింది. కాళ్ళు ఉబ్బుతాయి, చర్మం పొరలు లేస్తుంది, జుట్టు రంగు మారుతుంది. అక్కడి వారు దానిని ‘క్వాషియార్కర్’ అనేవారు. తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డకు వచ్చే జబ్బని ఆ మాటకు అర్థం. హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్ ఈ వ్యాధిని పరిశీలించి, మాంసకృత్తుల లోపమే కాదు, మొత్తం తిండి చాలకపోవడమే ప్రధానమని వాదించారు.

తిండి చాలకపోవడం పేదరికం వల్లనే కానక్కరలేదు. బెల్లంకొండ వైపు మిరప కోతల కాలంలో తల్లి పొద్దున్నే చేనికి పోతుంది. బిడ్డకు నాయనమ్మ పలుచని జావ పడుతుంది. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. పిండి ఉడికేటప్పుడు నీటిని పీల్చి ఉబ్బుతుంది. కొద్దిపాటి పిండికే జావ ముద్ద అవుతుంది. మింగుడుపడాలని నీళ్ళు కలుపుతాం. పొట్ట నిండుతుంది, ఆకలి తీరినట్లుంటుంది. శక్తి మాత్రం చేరదు.

దీనికి ఉపాయం మొలకలలో ఉన్నది. మొలకెత్తిన రాగులలో ఎమిలేజ్ అనే ఎంజైము పుట్టి పిండి పదార్థపు పొడవైన అణువులను తుంచుతుంది. దీనిని తరగతిలోనే చూపవచ్చు. మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, వేయించకుండా విసరిన రాగిపిండి సిద్ధం చేసుకోండి. వేయిస్తే ఎంజైము నశిస్తుంది. చిక్కగా కాచిన జావను రెండు గ్లాసులలో పోసి, చేయి ఓర్వలేనంత వేడిగా ఉండగానే ఒకదానిలో చెంచాడు ఈ పిండి కలపండి. కొద్ది నిమిషాలలో అది పలుచబడుతుంది, నీటిచుక్క కలపకుండానే. రెండవది గరిటె నిలిచేటట్లే ఉంటుంది. బిడ్డకు పెట్టదలచినవారు పలుచబడిన జావను మరొక పొంగు రానిచ్చి, కాస్త నెయ్యి వేసి తినిపించాలి.