నీటి మీద కాపురం: పాత తెరచాప పడవ బేరం

నంది కొండల చుట్టుపట్ల కురిసిన వాన ఎప్పటికైనా సముద్రం చూస్తుంది. చిత్రావతి బాగేపల్లి పక్కగా పోయి పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు దాటి బంగాళాఖాతంలో పడుతుంది. ఆ నీళ్ళు వెళ్ళినంత దూరం మన పెద్దలు వెళ్ళలేదు గాని, మన పిల్లలు అంతకన్న దూరమే వెళ్ళినారు. చింతామణిలో చదువుకొని, బెంగళూరులో పని నేర్చుకొని, శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్, సిడ్నీ వంటి రేవు పట్టణాలలో కాపురాలు పెట్టినారు. అక్కడి ఇంటి అద్దెల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒక రాత్రి ఫోనులో "నాయనా, ఇల్లు కొనే తాహతు లేదు. పాత పడవ ఒకటి కొని దానిలోనే వుందామనుకుంటున్నా" అని కొడుకో కూతురో అన్నారనుకోండి. "నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నమాట వెంటనే నోటికి వస్తుంది. ఆ మాట కాస్త ఆపుకొని, కొన్ని సంగతులు అడిగితే మేలు.

నిజానికి అది పిచ్చి కాదు. ఆ దేశాల రేవులలో పడవలోనే కాపురమున్నవారు చాలామంది వున్నారు. ముప్పై, ముప్పై అయిదు అడుగుల తెరచాప పడవలో పడకలు, పొయ్యి, భోజనపు బల్ల, మరుగుదొడ్డి, చిన్న డీజిల్ ఇంజను అన్నీ ఇమిడి వుంటవి. 1960 నుంచి 1980ల దాకా ఫైబర్‌గ్లాసుతో కట్టిన పడవలు ఇంకా ఎన్నో తేలుతున్నవి. వాటిలో కొన్ని పాత కారు ధరకే దొరుకుతవి. ఆశ పుట్టేదీ అక్కడే, మునిగేదీ అక్కడే.

పాత పడవను తక్కువగా చూడనక్కరలేదు. మన సైన్యంలోని ఇంజినీర్ల దళంవారు ఇంగ్లండులో కొన్న 37 అడుగుల పాత పడవకు "తృష్ణ" అని పేరు పెట్టినారు. 1985లో బయలుదేరి, భూమిని చుట్టి, 1987 జనవరిలో బొంబాయి చేరిన పడవ అది. అలాగని కొత్తదానిని గుడ్డిగా నమ్మేందుకూ లేదు. "తారిణి" అనే నౌకాదళపు పడవ 2017 ఫిబ్రవరిలో దళంలో చేరింది. ఆ సెప్టెంబరు 10న ఆరుగురు ఆడపిల్లలు దానిలో గోవా విడిచి, 254 రోజుల తరువాత, 2018 మే 21న తిరిగివచ్చినారు. వారిలో ఇద్దరు మన తెలుగు బిడ్డలే: విశాఖపట్నపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య. దళంలో చేరి ఏడాది దాటి కొద్ది నెలలే అయిన ఆ పడవకే నడిసముద్రంలో చుక్కాని యంత్రం చెడి, అనుకోకుండా మారిషస్ రేవులో ఆగవలసి వచ్చింది. ఇక నలభై ఏండ్ల పడవ సంగతి వేరే చెప్పాలా?

ఘాటి సుబ్రహ్మణ్యం పరసలో ఎద్దును కొనేవాడు కొమ్ములకు పూసిన రంగు చూసి మోసపోడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. పడవ విషయంలోనూ అంతే. దానిని నీళ్ళలో తేలుతుండగా చూసి డబ్బు చెల్లించరాదు. యంత్రంతో పైకెత్తించి అడుగు చూడవలె. ఇందుకు సర్వేయర్లని వేరే నిపుణులు వున్నారు. కొనేవాడే తన డబ్బుతో, తన మనిషిగా పెట్టుకోవలె. అమ్మేవాడో దళారియో చూపించినవాడు పనికిరాడు. మన ఆడవారు కుండను వేళ్ళతో తట్టి చూసినట్లే ఆయన చిన్న సుత్తితో పడవనంతా తట్టుకుంటూ పోతాడు. గట్టిగా మోగితే మంచిది. బొదబొదమని పలికితే లోపల చివికినట్టు. పై తట్టు చాలా పడవలలో రెండు ఫైబర్‌గ్లాసు పొరల నడుమ తేలిక కొయ్య పెట్టి చేసినది. ఏ బోల్టు సందునుంచో నీరు దిగి ఆ కొయ్య కుళ్ళితే, బాగుచేయించే ఖర్చు పడవ ధరను మించినా మించవచ్చు.

తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగెలు కంటికి తళతళలాడుతూ వుండగానే తెగుతవి. పది పదిహేనేండ్లు దాటితే వాటిని మార్చనిదే బీమా యివ్వని కంపెనీలు వున్నవి. నీటిమట్టం కింద పడవకున్న తూములకు మూతలుంటవి. ప్రతి మూతనూ చేత్తో తిప్పి చూడవలె, బిగుసుకుపోయిన మూత మీద ప్రాణం పెట్టరాదు. ఇంజను చల్లగా వున్నప్పుడే మొదలుపెట్టమనవలె. మీరు పోయేసరికి అమ్మేవాడు దానిని ముందే వేడిచేసి వుంచితే, ఎందుకు వేడిచేసినాడో ఆలోచించండి. వంట గ్యాసు గాలికన్న బరువు. కారితే పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకొని వుంటుంది. సిలిండరు పెట్టె కింది రంధ్రం బయటికి తెరిచి వున్నదా అని తప్పక చూడవలె.

ఇంత చేసినా అసలు ప్రశ్న మిగిలేవుంటుంది. పడవను ఎక్కడ కట్టేది? కట్టుకునే చోటు దొరకడం వేరు, అందులో కాపురముండే అనుమతి వేరు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో ఒక రేవులోని చోట్లలో నూటికి పదింటిని మించి కాపురపు పడవలకు ఇవ్వరాదని నిబంధన వున్నది. కాబట్టి చోటు అడిగి, వ్రాతమూలకంగా పుచ్చుకొని, తరువాతనే పడవ వెతకవలె. చాలామంది దీనిని తలకిందులుగా చేస్తారు. రేవు అద్దె, బీమా, రెండు మూడేండ్లకొకమారు అడుగుకు రంగు, విరిగినవీ అరిగినవీ అన్నీ కలిపి, కొన్న ధరలో ఏటా పదోవంతయినా అవుతుందని పడవలవారి మోట లెక్క. చవక పడవకు అంతకన్న ఎక్కువే. కొన్నాక చేతిలో ఎంత మిగులుతుందని పిల్లలను అడగండి. ఏమీ మిగలదంటే ఆ పడవ వద్దనడానికి వెనుకాడవద్దు. మన దేశంలోనైతే ఇట్టి జీవనానికి ఏర్పాట్లు బహు స్వల్పం. కొచ్చిలో బోల్గాట్టి వద్ద ఒక మెరీనా వున్నది.

ఇంటి పనికి వస్తే, మనవారికి ఒక సంగతిలో మాత్రం ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. చుట్టూ సముద్రమున్నా తాగే నీరు తొట్టిలోనిదే. ఆపాటి పడవ తొట్టిలో సాధారణంగా రెండు మూడు వందల లీటర్లు పడతవి. మన లెక్కన పదిహేను ఇరవై బిందెలు. కాలితో తొక్కే పంపుతో కాస్త కాస్త తీసుకొని గిన్నెలు కడుగుతారు. వెయ్యి అడుగుల బోరులో నీరు రాక, ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన ఇంటి పిల్లకు ఆ పొదుపు కొత్త కాదు. ఒంటిపొయ్యి మీద సంగటి, ఊరిబిండి చాలు. చలిదేశంలో మాత్రం రాత్రి ఊపిరి ఆవిరై గోడలకు పట్టి, పరుపు కింద తడి చేరుతుంది, రాగిపిండికి బూజు పడుతుంది. పరుపు కింద గాలి ఆడే చెక్కలు, పిండికి బిగుతు డబ్బాలు వుండవలె. మరుగుదొడ్డి నీరు రేవులో వదలరాదు; తొట్టిలో పట్టి, రేవులోని పంపుతో తోడించవలె.

బయానా ఇచ్చేటప్పుడు, సర్వే నచ్చకుంటే డబ్బు వాపసు అని కాగితంలో వ్రాయించుకోవలె. మనం పొలం కొనేముందు సబ్‌రిజిస్ట్రారు కచేరీలో ఈ.సి. తీయించినట్లే, పడవ మీద పాత అప్పు, రేవు బాకీ ఏమైనా వున్నవేమో విచారించవలె. అమ్మేవాని పేరూ కాగితంలోని పేరూ ఒకటేనా అని చూడవలె. ఆపైన గాలి బాగా వీచే ఒక పూట చూసి, పిల్లలిద్దరూ దానిలో సముద్రం మీదికి పోయి రావలె. ఒకరికి ఇష్టమై మరొకరికి వాంతులైతే, బేరం అక్కడితో ఆపడమే చవక.